కార్డుముక్కా, కవరా?

ఉత్తరాలు రాసుకునే రోజుల్లో ఏ సంగతి కార్డు మీద రాయాలో, ఏది కవర్లో పెట్టాలో మనకెవరూ నేర్పలేదు. అయినా అందరికీ తెలిసేది. "క్షేమంగా చేరాను, మామిడికాయలు అందాయి" అన్నది కార్డుముక్క. పోస్ట్‌మాన్ దార్లో చదువుకున్నా, చదువురాని అవ్వకి పక్కింటి కుర్రాడు గట్టిగా చదివి వినిపించినా నష్టం లేదు. అప్పు తీర్చలేకపోతున్నాననో, కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోయిందనో రాయాలంటే మాత్రం కవరు కొనాలి, బంక రాయాలి. ఇన్‌లాండు లెటరు మధ్యరకం. అంటించని వైపునుంచి గొట్టంలా చేసి, ఒక కన్ను మూసి లోపలికి చూసి చదివే ఘనులు ప్రతి వీధిలోనూ ఉండేవాళ్ళు కాబట్టి, అందులో రాసే మాటలూ ఆ మేరకే ఉండేవి. మనదేశానికి పోస్టుకార్డు 1879లో వచ్చింది. అప్పట్నుంచీ ఉత్తరాల కాలం అయిపోయేదాకా ఈ లెక్క ఇలాగే సాగింది. ఇందులో నాకు ముఖ్యంగా కనబడేది ఒకటే: ఈ ఉత్తరం ఎవరెవరు చదవొచ్చో నిర్ణయించుకునేది రాసేవాళ్ళు. అందుకునేవాళ్ళు కాదు.

ఈ నిర్ణయం ఇప్పుడు రాసేవాళ్ళ చేతిలోంచి జారిపోయింది. చాలామందికి జారిపోయిందని కూడా తెలియదు. అదే నా బాధ.

ఈ బ్లాగులో మామూలుగా పుస్తకాల గురించి రాస్తుంటాను. ఈసారి నా ఉద్యోగం గురించి రాస్తున్నాను, ఎందుకంటే తిప్పితిప్పి చూస్తే ఇదీ ఉత్తరాల సంగతే. సిడ్నీ పడమటి శివార్లలో చిన్న చిన్న ఆఫీసులకి సాఫ్ట్‌వేర్ అమర్చిపెట్టడం నా పని. ఇంటిలోన్లు ఇప్పించే మార్ట్‌గేజ్ బ్రోకర్లు, వీసా పనులు చూసే మైగ్రేషన్ ఏజెంట్లు, టాక్స్ ఏజెంట్లు, ఇళ్ళు అమ్మిపెట్టేవాళ్ళు. వీళ్ళలో మనవాళ్ళు చాలామందే ఉన్నారు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దాదాపు 59 వేలమంది. వెంట్‌వర్త్‌విల్, ద పాండ్స్, స్కోఫీల్డ్స్, మెల్‌బోర్న్ వైపైతే టార్నీట్, పాయింట్ కుక్ లాంటి చోట్ల మన జనం ఎంత దట్టంగా ఉన్నారో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. అంతమంది ఇళ్ళు కొనాలి, వీసాలు మార్చుకోవాలి, అమ్మానాన్నల్ని పిలిపించుకోవాలి. ఈ పనులన్నీ ఈమెయిళ్ళ మీదే నడుస్తాయి.

ఈ ఆఫీసులవాళ్ళు నన్ను పిలిచి మొట్టమొదట అడిగేది, "బాసూ, మా మెయిల్‌ని సీఆర్ఎమ్‌కి కలిపెయ్" అని.

సీఆర్ఎమ్ అంటే కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్. తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఒక్కో కస్టమరుకి ఒక్కో పేజీ ఉన్న పెద్ద ఖాతాపుస్తకం. ఆ పేజీలో పేరు, ఫోను, ఎప్పుడు మాట్లాడారు, ఏ పని ఎంతవరకు వచ్చింది, తర్వాత ఎప్పుడు పలకరించాలి అన్నీ ఉంటాయి. సేల్స్‌ఫోర్స్, హబ్‌స్పాట్, పైప్‌డ్రైవ్, మన పక్కనున్న తమిళనాడునుంచి వచ్చిన జోహో, ఇలాంటివి చాలా ఉన్నాయి. ఆఫీసులో పదిమంది ఉంటే పదిమందీ ఆ పేజీ తెరిచి చూడొచ్చు. అందుకోసమే కదా పెట్టుకునేది.

దీన్ని మెయిల్‌తో కలపడానికి మూడు దారులున్నాయి. ఒకటి, సీఆర్ఎమ్ మనకో ప్రత్యేకమైన ఈమెయిల్ అడ్రసు ఇస్తుంది. పుస్తకంలోకి ఎక్కాల్సిన మెయిల్ రాసేటప్పుడు ఆ అడ్రసుని బీసీసీలో పెడతాం. వచ్చిన మెయిలైతే దానికి ఫార్వర్డ్ చేస్తాం. ఆ ఒక్క మెయిలే ఎక్కుతుంది. రెండు, జీమెయిల్‌లోనో అవుట్‌లుక్‌లోనో పక్కన ఒక చిన్న పలక వస్తుంది. మెయిల్ చదివాక, ఇది దాచాలి అనిపిస్తే అక్కడ బటన్ నొక్కుతాం. మూడోది పూర్తి సింక్. ఒకసారి లాగిన్ అయ్యి "అనుమతిస్తున్నాను" అని నొక్కితే చాలు, ఆ తర్వాత వచ్చే మెయిల్, పోయే మెయిల్ అన్నీ ఆ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. ఎవరి అడ్రసు కనిపిస్తే వాళ్ళ పేజీలో అతికిస్తుంది. పేజీ లేకపోతే కొత్త పేజీ తెరిచేలా కూడా పెట్టుకోవచ్చు. కొన్నింటిలో పాత మెయిళ్ళని కూడా వెనక్కి వెళ్ళి తోడుకొచ్చే సదుపాయం ఉంటుంది.

అందరికీ కావల్సింది మూడోది. అమ్మేవాళ్ళు చూపించే డెమోలో మెరిసేదీ అదే. "మీరేమీ చెయ్యక్కర్లేదు" అన్న మాటకున్న ఆకర్షణ అలాంటిది.

నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని కాను. దాని మేలు నా కళ్ళతో చూశాను. ఒక బ్రోకరు తండ్రి పోయారని ఫోనొస్తే ఆ రాత్రే విమానం ఎక్కి గుంటూరు వెళ్ళిపోయాడు. ఇక్కడ అతని కస్టమరు ఒకాయన ఇల్లు కొంటున్నాడు. ఫైనాన్స్ క్లాజు గడువు ఇంకో మూడు రోజుల్లో ముగుస్తుంది. బ్యాంకునుంచి వాల్యుయేషన్ సంగతి మెయిల్ వచ్చిందో లేదో బ్రోకరుకి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన కర్మ దగ్గర కూర్చుని ఉన్నాడు. మెయిల్ సీఆర్ఎమ్‌కి కలిపి ఉండబట్టి అసిస్టెంటు ఆ పేజీ తెరిచి, బ్యాంకువాళ్ళడిగిన కాగితం అదే రోజు పంపించేసింది. ఇల్లు నిలబడింది. కొడుకుని తండ్రి దగ్గర నిశ్చింతగా కూర్చోనిచ్చిన సాఫ్ట్‌వేర్ని నేను తిట్టలేను. ఆస్ట్రేలియాలో పనివేళలు దాటాక ఆఫీసు ఫోనుకి, మెయిల్‌కి అకారణంగా జవాబివ్వాల్సిన పనిలేదన్న హక్కు 2024 ఆగస్టు 26న వచ్చింది. చిన్న వ్యాపారాల్లో పనిచేసేవాళ్ళకి మరో ఏడాది తర్వాత వర్తించింది. సెలవు మీదున్న మనిషిని లేపకుండా పని జరగాలంటే సంగతులు ఒకరి బుర్రలో కాక అందరికీ అందే చోట ఉండాలి కూడా.

కాబట్టి ప్రశ్న కలపాలా వద్దా అన్నది కాదు. ఏం కలపాలి, ఎవరు చూడాలి, రాసినవాళ్ళకి తెలుసా అన్నవి నా ప్రశ్నలు.

మనవాళ్ళు మనవాళ్ళకి రాసే మెయిల్ ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఇక్కడి తెల్లవాళ్ళు బ్రోకరుకి రాస్తే నాలుగు వాక్యాలు, జతచేసిన కాగితాలు, ఒక థాంక్స్. మనం అలా రాయం. "అన్నా, నమస్తే. పేస్లిప్పులు పెట్టాను చూడు. ఇంకో మాట. మా ఆవిడ రెండు నెలల్లో ఉద్యోగం మానేస్తుంది. మూడో నెల. కిందటిసారి నిలవలేదు కదా, అందుకని ఇంకా ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు. లోనుకి ఏమైనా ఇబ్బందా?" ఇది నేను కల్పించి రాసిన మెయిలే గానీ, ఇలాంటివి ఈ ఆఫీసుల్లో రోజూ వస్తుంటాయి. ఆ "అన్నా" అన్న పిలుపు గమనించండి. రాసినవాడు ఒక కంపెనీకి రాయలేదు. తనకి నమ్మకమున్న ఒక మనిషికి రాశాడు. వాడి లెక్కలో అది కవరు.

పూర్తి సింక్ పెట్టిన ఆఫీసులో అదే మెయిల్ క్షణంలో కార్డుముక్క అయిపోతుంది. బ్రోకరు ఇంకా తెరవకముందే ఆ కస్టమరు పేజీలోకి ఎక్కేస్తుంది. అసిస్టెంటు చూడొచ్చు, ఇంకో బ్రోకరు చూడొచ్చు. కాగితాల పని బయటికిచ్చే ఆఫీసైతే ఫిలిప్పీన్స్‌లోనో ఇండియాలోనో కూర్చున్న మనిషి చూడొచ్చు. ఇప్పుడు కొత్తగా ఏఐ వచ్చి అన్ని మెయిళ్ళూ చదివి, పేజీ పైన నాలుగు ముక్కల్లో సారాంశం కూడా రాసి పెడుతోంది. కష్టపడి వెతకాల్సిన పని కూడా లేదు. "భార్య గర్భవతి" అన్నది మొదటి వాక్యంలోనే ఉంటుంది.

పెద్ద కంపెనీల్లో ఈ పేజీ తెరిచేది ముక్కూమొహం తెలియని మనిషి. చదువుతారు, మర్చిపోతారు. మన దగ్గర అలా కాదు. ఆ అసిస్టెంటు మీ అబ్బాయి చదివే తెలుగుబడిలోనే పాఠం చెప్తుంటుంది. రెండో బ్రోకరు మీ తోడల్లుడి క్లాస్‌మేటు. 59 వేలమంది అంటే వినడానికి ఎక్కువే గానీ, సిడ్నీలో ఒక మూల మనవాళ్ళంటే ఒక మోస్తరు ఊరంత. ఊరి లక్షణాలన్నీ ఉన్న ఊరు.

ఇది ఊహించి భయపెట్టడం కాదు. పేరు చెప్పను గానీ ఒక ఆఫీసువాళ్ళు నన్ను పిలిపించి, "ఎవరు ఏ మెయిల్ చూడొచ్చో సరిచేసి పెట్టు" అన్నారు. ఏం జరిగిందంటే, ఉగాది కార్యక్రమంలో భోజనాల వరసలో ఒకామెని ఇంకొకామె నవ్వుతూ "కంగ్రాట్స్ అండీ, ఎన్నో నెల?" అని అడిగింది. అడిగినామె ఆ ఆఫీసులో పనిచేస్తుంది. మంచి ఉద్దేశంతోనే అడిగింది. ఎవరో చెప్పారనుకుందే గానీ, పేజీలో చదివానన్న స్పృహ కూడా ఆమెకి లేదు. పక్కనే ఉన్న అత్తగారికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. ఆ దంపతులు మాత్రం తమ లోను పనిని ఇంకో బ్రోకరుకి, మన భాష రాని బ్రోకరుకి, ఇచ్చుకున్నారు. ఆఫీసు యజమానికి పోయిన కమిషన్ కంటే ఆ చివరి సంగతే ఎక్కువ బాధపెట్టింది. "మనవాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి భయపడేలా చేశాం" అన్నాడు.

ఆ మాటలో ఈ వ్యాసం మొత్తం ఉంది. మనవాళ్ళ దగ్గరికి మనం వెళ్ళేది తెలుగులో చెప్పుకోవచ్చని. ఇంగ్లీషులో చెప్పలేని సంగతులు చెప్పుకోవచ్చని. ఆ నమ్మకమే ఈ వ్యాపారాలకి పెట్టుబడి.

చట్టం ఏమంటుందని అడుగుతారు. ఆస్ట్రేలియాలో ప్రైవసీ యాక్ట్ 1988లో వచ్చింది. అందులో 13 ప్రైవసీ సూత్రాలున్నాయి. నాలుగో సూత్రం మన సంగతికి అచ్చంగా సరిపోతుంది. మనం అడక్కుండా ఎవరైనా తమ వ్యక్తిగత సమాచారం పంపితే, అది మనం అడిగి తీసుకోదగిందేనా అని చూసుకోవాలి. కాకపోతే, చట్టం ఒప్పుకున్న మేరకు దాన్ని చెరిపెయ్యాలి, లేదా ఎవరిదో తెలియకుండా చెయ్యాలి. ఆరోగ్యం సంగతులకి ఇంకా గట్టి నియమాలున్నాయి. పదకొండో సూత్రం, అవసరం తీరిపోయిన సమాచారాన్ని ఉంచుకోవద్దంటుంది. చదివితే ఎవరో పెద్దమనిషి కూర్చుని ఆలోచించి రాసినట్టుంటాయి.

చిక్కల్లా ఏమిటంటే, ఏడాదికి 30 లక్షల డాలర్ల లోపు టర్నోవరున్న చిన్న వ్యాపారాల్లో చాలావాటికి ఈ చట్టం వర్తించదు. వైద్యం చేసేవాళ్ళలాంటి కొందరికి మినహాయింపు లేదు. టాక్స్ ఫైల్ నంబరు చేతికొచ్చినవాళ్ళు ఆ నంబరు వరకు నియమాలు పాటించి తీరాలి. అయినా మన ప్రాణం మీదికొచ్చే సంగతులు ఎక్కువగా చేరేది ఈ చిన్న ఆఫీసులకే. సముద్రానికి గట్టు కట్టి, పంటకాలవని వదిలేసినట్టుంది. 2025 జూన్ 10 నుంచి, ఒకరి గోప్యతని కావాలనో లెక్కలేనితనంతోనో తీవ్రంగా భంగపరిస్తే నేరుగా కోర్టుకి వెళ్ళే హక్కు వచ్చింది. మంచిదే. కానీ ఉగాది భోజనాల దగ్గర నవ్వుతూ అడిగిన ప్రశ్న మీద ఎవరు కోర్టుకెళ్తారు? వెళ్ళరు. బ్రోకరుని మారుస్తారు, అంతే.

"ఇంతా చేసి మెయిల్ ఎలాగూ గూగుల్ వాడి దగ్గరో మైక్రోసాఫ్ట్ వాడి దగ్గరో ఉంటుంది కదా, ఇంక దాచేదేముంది?" అని నాతో వాదించినవాళ్ళున్నారు. కవరు కూడా తపాలా శాఖ సంచీలోనే కదా వచ్చేది. సంచీలో ఉండటం వేరు, విప్పి ఆఫీసు గోడకి అంటించడం వేరు. మనకి ఇబ్బంది కలిగేది ఎక్కడో ఉన్న యంత్రం చదివినందుకు కాదు, మనల్ని ఎరిగినవాళ్ళు చదివినందుకు.

యంత్రం వల్ల ఏ ప్రమాదమూ లేదని కూడా అనను. పూర్తి సింక్‌కి "అనుమతిస్తున్నాను" అని నొక్కినప్పుడు మనం పాస్‌వర్డు ఇవ్వం గానీ, ఒక టోకెన్ ఇస్తాం. ఇంటి తాళంచెవికి నకలు చేయించి ఇచ్చినట్టు. 2025 ఆగస్టులో డ్రిఫ్ట్ అనే చాట్ సాఫ్ట్‌వేర్ దగ్గరున్న ఇలాంటి టోకెన్లని దొంగిలించి, దాన్ని కలుపుకున్న వందలాది సంస్థల సేల్స్‌ఫోర్స్ ఖాతాల్లోకి దూరారు. కొన్ని గూగుల్ మెయిల్ ఖాతాలు కూడా వాళ్ళకి చిక్కాయి. ఆ సంస్థల తలుపులు ఎవరూ బద్దలుకొట్టలేదు, నకలు తాళంచెవి పోయింది. అదే ఏడాది జూన్ చివర్లో ఇక్కడి క్వాంటస్ విమాన సంస్థలో, దాని కాల్ సెంటరు వాడుకునే బయటి సాఫ్ట్‌వేర్లోంచి 57 లక్షలమంది వివరాలు పోయాయి. 2022లో ఆప్టస్‌, మెడిబ్యాంక్‌ల సంగతి చూసినవాళ్ళం కాబట్టి ఇక్కడి మనవాళ్ళకి ఇవి కొత్త కాదు. దొంగతనం ఆపడం చిన్న ఆఫీసు చేతిలో లేకపోవచ్చు. పోయేదాన్ని తక్కువగా ఉంచుకోవడం మాత్రం ప్రతివాళ్ళ చేతిలోనూ ఉంది. పుస్తకంలో లేనిది పుస్తకంతో పాటు పోదు.

ఇంకో చిక్కు మన ఇళ్ళకే ప్రత్యేకం. సీఆర్ఎమ్ మనిషిని గుర్తుపట్టేది ఈమెయిల్ అడ్రసుతో. దాని దృష్టిలో ఒక అడ్రసంటే ఒక మనిషి. మన ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాలకి కలిపి ఒకటే అడ్రసుండటం మామూలు. అత్తమామల వీసాకి కూడా అదే అడ్రసు. దాంతో నలుగురి సంగతులు ఒకే పేజీలో పడతాయి. పేరు మొదట ఏది ఎక్కితే అదే. "డియర్ వెంకట" అని భార్యకి జవాబు వెళ్తుంది. ఇది నవ్వుకోవాల్సిన సంగతే అయ్యుండేది, అన్ని ఇళ్ళూ సుఖంగా ఉంటే. భర్తకి తెలియకుండా తన వీసా గురించి, విడిగా ఉండటం గురించి అడగాలనుకున్న ఆడపిల్ల, స్నేహితురాలి మెయిల్‌నుంచి రాసిందనుకోండి. ఆఫీసులో ఎవరో ఆమె పేజీ తెరిచి, అక్కడున్న పాత అడ్రసుకే జవాబు కొడతారు. ఆ అడ్రసు భర్త ఫోన్లో తెరుచుకుంటుంది. అందుకని వీసా ఆఫీసులకి నేను ముందుగా చెప్పేది ఇదే: ఒక్కో మనిషికి ఒక్కో పేజీ, ఒక్కో అడ్రసు. లేకపోతే కొత్తది చేయించండి, పది నిమిషాల పని.

ఇక పండగ గ్రీటింగులు. మెయిల్ కలిపిన మర్నాటికే పేజీలు వందల్లో పుడతాయి. వాటిని చూడగానే యజమానికి దీపావళి శుభాకాంక్షలు, వడ్డీ రేట్ల కబుర్లు పంపాలనిపిస్తుంది. ఇక్కడ స్పామ్ యాక్ట్ 2003 ఉంది. వ్యాపారం కోసం పంపే మెయిల్‌కి అవతలివాళ్ళ సమ్మతి ఉండాలి, పంపేది ఎవరో తెలియాలి, వద్దనుకుంటే తేలిగ్గా ఆపేసే దారి ఉండాలి. ఈ చట్టానికి చిన్నా పెద్దా తేడా లేదు. ఆపేసే దారి సరిగ్గా పెట్టకపోవడంలాంటి తప్పులకి 2023లో కామన్‌వెల్త్ బ్యాంకే 35.5 లక్షల డాలర్లు కట్టింది. మీ పిల్ల టీచరు, మీ డెంటిస్టు, మీ అమ్మాయికి సంబంధం చూస్తున్న పెళ్ళిళ్ళ పేరయ్య, వీళ్ళందరికీ కూడా మీ సింక్ పేజీలు తెరిచి ఉంటుందని మర్చిపోకండి. "ప్రియమైన కస్టమర్, మీ హోమ్‌లోన్ సమీక్షించుకునే సమయం వచ్చింది" అని వియ్యంకుడు కాబోయే మనిషికి వెళ్తే అందమేం ఉంటుంది!

ఆఫీసులో పనిచేసేవాళ్ళ గురించీ ఒక మాట. యజమాని సింక్ పెడితే ఉద్యోగి ఇన్‌బాక్స్ కూడా యజమాని చదివే పుస్తకమైపోతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో 2005నాటి వర్క్‌ప్లేస్ సర్వైలెన్స్ యాక్ట్ ఉంది. ఉద్యోగుల కంప్యూటరు వాడకం మీద నిఘా పెట్టాలంటే 14 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఇదీ దాని కిందికి వస్తుందో రాదో లాయర్లు తేల్చుకుంటారు. ముందుగా చెప్పడానికి లాయరక్కర్లేదు కదా.

మరేం చెయ్యాలి? నా దగ్గరికొచ్చే మన ఆఫీసులకి నేను చెప్పేవి చెప్తాను. మీ సొంత మెయిల్‌ని ఎప్పుడూ కలపకండి. ఆఫీసుకి వేరే అడ్రసు పెట్టుకోండి. పూర్తి సింక్‌తో మొదలుపెట్టకండి. బీసీసీయో బటనో వాడండి. మెయిల్‌కి రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లలో "ఇది పుస్తకంలోకి ఎక్కాలా?" అని ఒక మనిషి ఆలోచిస్తాడు. అదే మనకి కావల్సింది. నిజానికి పుస్తకం కూడా శుభ్రంగా ఉంటుంది. ఓటీపీలు, స్కూలు సర్క్యులర్లు, పెళ్ళి ఫొటోలు అందులోకి రావు. పూర్తి సింక్ తప్పదంటే, పాత మెయిళ్ళు తోడొద్దు, ఈ రోజునుంచే మొదలుపెట్టండి. ఎవరి మెయిళ్ళు ఎప్పుడూ ఎక్కకూడదో చెప్పే జాబితా చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది, ముందు అది నింపండి. మెయిల్ అందుకున్నవాళ్ళకే కనబడేలా పెట్టి, అవసరమైనవి మాత్రం పంచుకోండి. మెయిల్ తెరిచారా లేదా అని కనిపెట్టే చుక్కబొమ్మని ఆపెయ్యండి. ఆపిల్ 2021లో ఆ బొమ్మల్ని తనే ముందుగా తెరిచెయ్యడం మొదలుపెట్టాక దాని లెక్క ఎలాగూ నమ్మదగింది కాదు. ఉద్యోగి మానేసిన రోజే వాళ్ళ టోకెన్ తీసెయ్యండి.

అన్నిటికంటే ముఖ్యమైంది, మెయిల్‌ని కాదు, పనికొచ్చే సంగతిని దాచండి. పైన చెప్పిన "అన్నా" మెయిల్లో బ్రోకరుకి నిజంగా కావల్సిన సంగతి ఒకటుంది. రాబోయే నెలల్లో ఆ ఇంటి ఆదాయం తగ్గుతుంది. అది తెలుసుకోవడం అతని పనే. పేజీలో "ఫలానా నెలనుంచి కొంతకాలం ఒక జీతమే. లోను లెక్క అలా వెయ్యాలి" అని రాసుకుంటే చాలు. మూడో నెల, కిందటిసారి, ఇంట్లోవాళ్ళు, ఇవి లోను లెక్కలోకి రావు. మన ఊళ్ళల్లో కిరాణా కొట్టు శెట్టిగారు చేసింది ఇదే. బాకీ ఎంతో ఖాతాలో రాసుకునేవాడు. బాకీ అడిగేటప్పుడు మనిషి ఎందుకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడో రాసుకునేవాడు కాదు. గుర్తుంచుకునేవాడు, అంతే. ఆ గుర్తుతోనే ఇంకో నెల ఆగేవాడు.

"ఇంత ఆలోచిస్తే వ్యాపారం చెయ్యలేం" అంటారు కొందరు. ఇలా అనే ఆఫీసుల్లోనే పేస్లిప్పుల మీద టాక్స్ ఫైల్ నంబరు నల్లగా కొట్టి పంపమని కస్టమర్లకి చెప్పడం చూశాను. నంబరు దాచుకోమని చెప్పగలిగినవాళ్ళు మనసులో మాట దాచుకోమని కూడా చెప్పగలరు. దానికి ఒక్క వాక్యం చాలు. నేను పెట్టించిన చోట్ల మెయిల్ కింద సంతకం దగ్గర ఈ వాక్యం తెలుగులో ఉంటుంది, కావాలంటే మీరూ వాడుకోండి: "ఈ అడ్రసుకి వచ్చే మెయిళ్ళు మా ఆఫీసులో పనిచేసే ఇతరులు కూడా చూడవచ్చు. నాకు మాత్రమే చెప్పాల్సిన సంగతైతే ఫోన్ చెయ్యండి."

రాసేవాళ్ళకి కూడా ఒక విన్నపం. ఈసారి బ్రోకరుకో ఏజెంటుకో మెయిల్ రాసేముందు, మొహమాటపడకుండా అడగండి: "మీ మెయిల్ సీఆర్ఎమ్‌కి కలిపారా అండీ? ఎవరెవరు చూస్తారు?" మంచివాళ్ళయితే ఏమీ అనుకోరు. తెలియదన్నారంటే, కాగితాలు మెయిల్లో పంపండి, మిగతాది వెళ్ళినప్పుడు కూర్చుని చెప్పండి.